ఎవరి కొరకు ఈ పీట?

ధ్యాన భాగములు: 2 రాజులు 4:8-10, యాకోబు 2:1-9

 సోలాపూరులోను, కోలారులోను, చెన్నైలోను, బరంపురములోను, యానాములోను, మరెక్కడ స్థిరపడినను తెలుగు మాటలో దేవుని ఆరాధించుచున్న మీ కుటుంబములకు శుభములు.

ఈ మాసము మన ధ్యానము ఇంటి సామానును గురించి. మంచములు, కుర్చీలు, బల్లలు, బీరువాలలో ధ్యానించుటకు ఏమున్నదని కొందరికి తోచవచ్చు. అయితే పరిశుద్ధ గ్రంథము వీటిని విడిచిపెట్టలేదు. బాషాను రాజైన ఓగు మంచము తొమ్మిది మూరల పొడవు, నాలుగు మూరల వెడల్పు అని ద్వితీయోపదేశకాండము కొలత చెప్పి మరీ వ్రాసినది. సొలొమోను దంతపు సింహాసనమునకు ఆరు మెట్లు ఉన్నాయని, వాటిపై పన్నెండు సింహపు ప్రతిమలు నిలిచాయని రాజుల మొదటి గ్రంథము వర్ణించినది. దంతపు మంచములపై పండుకొని జనుల బాధను పట్టించుకొనని వారిని ఆమోసు ప్రవక్త గద్దించాడు. విందుకు పిలువబడినప్పుడు ముందు చోటు కొరకు వెదకవద్దని మన ప్రభువే నేర్పించాడు. కాబట్టి మన ఇంటిలోని కొయ్య సామాను సంగతి కూడ మన విశ్వాసములోని సంగతియే.

ఈ సంగతి తేటపడుటకు ఒక దేశమును, ఒక కాలమును చూద్దాము. ఇప్పటికి సుమారు ఐదారు వందల సంవత్సరముల క్రిందట, 15, 16 శతాబ్దములలో, ఇటలీ దేశములో ఒక యుగము నడిచినది. చరిత్ర పుస్తకములలో దానిని పునరుజ్జీవన యుగమని చదువుకున్నాము. లియొనార్డో డావిన్సి, మైకెలాంజెలో ఆ యుగపువారు. మార్టిన్ లూథరు తన వాదములను ప్రకటించిన 1517వ సంవత్సరము కూడ ఆ యుగములోనిదే. చిత్రములు, శిల్పములు, భవనములతోపాటు ఇంటి సామాను కూడ ఆ రోజులలో ఎన్నడు లేనంత అలంకారమును సంతరించుకొన్నది. అంతేకాదు, మనిషి హోదాను లోకమునకు చాటే సాధనముగా కూడ మారినది.

దానికి ముందు యూరపు ఖండములో గొప్ప ప్రభువుల ఇళ్లలో సైతము సామాను కొద్దిగానే ఉండేది. వారు ఒక కోటనుండి మరియొక కోటకు తిరుగుచుండగా వారి పెట్టెలు, తెరలు, విడదీసే బల్లలు వారి వెంట తిరిగేవి. ఇటలీవారు నేటికిని ఇంటి సామానును ‘మోబిలి’ అంటారు. కదిలేవి అని దాని అర్థము. ఒక రేకుపెట్టె, ఒక చాపచుట్ట పట్టుకొని పని వెదకుకొంటూ రైలెక్కిన మన తాతలకు ఆ మాటను ఎవరును వివరించనక్కరలేదు.

వర్తకము పెరిగి, డబ్బు మార్పిడి వ్యాపారము పెరిగి, ఫ్లారెన్సు వంటి పట్టణములలో ధనికులు రాతి భవనములు కట్టుకొని కుదురుకొన్నారు. అప్పుడు సామాను బరువెక్కినది. బెనెదెత్తో దేయి అను ఫ్లారెన్సు పట్టణస్థుడు 1472 ప్రాంతమున తన ఊరి అంగళ్ల లెక్క వ్రాసిపెట్టాడు. అందులో మాంసపు అంగళ్లు 70. కొయ్య చెక్కేవారి, పొదుగుడు పనివారి అంగళ్లు 84. తినే వస్తువు అమ్మే అంగళ్లకంటె కొయ్యను అందముగా చెక్కే అంగళ్లు ఆ ఊరిలో ఎక్కువ! అక్రోటు కొయ్యపై సింహపు పాదములు, ఆకులు, తీగెలు, మనిషి ముఖములు, అన్నిటికంటె ముఖ్యముగా యజమాని వంశపు చిహ్నము అక్కడ చెక్కేవారు. ఆ ఇళ్లలోని వస్తువులను ఒకటొకటిగా చూద్దాము.

మొదటిది: పెండ్లి పెట్టె

మన పాత ఇళ్లలో భోషాణము ఉండేది. అటువంటి పెద్ద పెట్టెను ఇటలీలో ‘కస్సోనె’ అనేవారు. పెండ్లికి వాటిని జతగా చేయించేవారు. కొయ్యపై సుద్ద, జిగురు కలిపిన పూత పూసి, బంగారు రేకు అద్ది, ముందు పలకపై వీరుల కథలను చిత్రించేవారు. పెండ్లికూతురు అత్తవారింటికి వెళ్లునప్పుడు ఆ పెట్టెలను వీధులలో ఊరేగింపుగా తీసికొనిపోయేవారు. లోపల ఉన్నవి బట్టలు, దుప్పట్లు. వీధిలోని జనులు చూచేది మాత్రము పైనున్న బంగారమును, రెండు వంశముల చిహ్నములను. 15వ శతాబ్దపు నడిమికి వచ్చేసరికి పెండ్లికొడుకు తరపువారే వీటిని చేయించుట అలవాటైనది. ఆ తరువాత అవి పడకగదిలో ఉండేవి. ఆ కాలములో గొప్పవారు ముఖ్యమైన అతిథులను పడకగదిలోనే కలిసికొనేవారు గనుక అక్కడను వాటికి చూచువారున్నారు.

లండనులోని కోర్టాల్డ్ చిత్రశాలలో అటువంటి జత ఒకటి నేటికిని ఉన్నది. 1472లో లొరెంజో మొరెల్లి అను ఫ్లారెన్సు యువకునికి, వజ్జా నెర్లి అను కన్యకకు జరిగిన పెండ్లికి అవి చేయబడినవి. పెట్టెల పైభాగమున వీపుపలకలు కూడ చెడకుండ మిగిలియుండుట అరుదు. వాటిపై రోమా వీరుల కథలున్నాయి. ఒక పలకపై ఉపాధ్యాయుని కథ కలదు. అతడు తనకు అప్పగింపబడిన పిల్లలను శత్రువు చేతికి ఇవ్వబోయాడు. కమిల్లుసు అను రోమా సేనాని ఆ ద్రోహమును ఒప్పుకొనక, ఆ పిల్లల చేతనే అతనిని కొట్టించి వెనుకకు పంపాడు. పిల్లలకు ద్రోహము చేయరాదను పాఠము ఆ పెండ్లి పెట్టె మీదనే ఉన్నది! కాని ఆ పెట్టెల వెనుక పిల్లల విషయమై ఏమి జరుగుచుండెనో వినండి.

ఆ ఊరిలో కట్నములు అంతకంతకు పెరిగిపోయాయి. 1425లో ఫ్లారెన్సు ప్రభుత్వము కట్నముల నిధి ఒకటి స్థాపించినది. ఆడపిల్ల చిన్నదై యుండగా తండ్రి అందులో సొమ్ము కట్టును. ఏండ్లు గడచి పెండ్లి జరిగిన తరువాత వడ్డీతో కలిసి అది కట్నముగా చేతికి వచ్చును. ఎందరు ఆడపిల్లలున్నా అందరికి కట్నమియ్యలేని కుటుంబములు ఒకరికి పెండ్లి చేసి, మిగిలిన వారిని కన్యకల మఠములకు పంపుట సాధారణమైనది. ఆ పిల్లలకు పిలుపు ఉన్నదా లేదా అని అడిగినవారు తక్కువ. ఇంటి పరువు పెట్టె రూపములో వీధిలో ఊరేగుచుండగా చెల్లెండ్లు మఠపు గోడల వెనుకకు వెళ్లారు.

ప్రియులారా, ఇది దూరదేశపు కథగా వినిపించుచున్నదా? మన ఇళ్లలో పెండ్లి మాటలు జరిగేటప్పుడు పెద్దలు ప్రార్థనతో మొదలుపెడతారు. “కట్నము మాటే వద్దండీ అన్నగారూ, మనము విశ్వాసులము. మీ అమ్మాయికి మీరు పెట్టుకొనేది మీ ఇష్టము” అని వియ్యంకుడు అంటాడు. తరువాత వియ్యపురాలు నెమ్మదిగా చెబుతుంది: “మంచము, పరుపు, బీరువా మామూలే కదా వదినగారూ. మా పెద్దకోడలు సోఫాసెట్టు కూడ తెచ్చుకున్నది.” ఆ ఒక్క మాటతో తండ్రి ప్రావిడెంటు ఫండు లెక్క మారిపోతుంది. వరకట్న నిషేధ చట్టము వచ్చినది 1961లో. చట్టము వచ్చిన తరువాత అడుగుట మానలేదు, అడిగే తీరు మారినది. సామాను లారీలోనుండి దింపునప్పుడు వీధి వీధంతయు నిలబడి లెక్కించును. ఆ లెక్క కొరకే కొందరు తండ్రులు వడ్డీకి తెచ్చిన సొమ్ముతో సామాను కొంటారు. కూతురు నిద్రించే మంచము తండ్రి నిద్రను తినివేయును.

ఇంకొక సంగతి గమనించండి. 16వ శతాబ్దములో రోమాలో పెండ్లి పెట్టెలను చెక్కినవారు ప్రాచీన రోమీయుల రాతి శవపేటికల ఆకారమును తీసికొన్నారు. పురాతన కళను అనుకరించవలెనను మోజు అది. పెండ్లికి చేసిన పెట్టె, శవపేటిక పోలిక! వారికి అది అలంకారమే గాని, మన దేశములో కట్నము పేరిట ఎందరు కుమార్తెల ప్రాణములు పోయినవో తెలిసిన మనము ఆ పోలికను చూచి వణకవలెను.

రెండవది: కుర్చీ

నేడు ప్రతి ఇంటిలో కుర్చీలున్నాయి. ఆ కాలములో వీపు, చేతులు గల కుర్చీ అరుదైనది. సామాన్యులు బల్లల మీద, పీటల మీద, పెట్టెల మీద కూర్చుండేవారు. చేతుల కుర్చీ ఇంటి పెద్దది, ప్రభువుది, బిషప్పుది. రాజసభలో ప్రభువు కుర్చీకి ఎత్తైన అరుగు, పైన గుడ్డ పందిరి ఉండేవి. మిగిలినవారు నిలువబడవలెను. అందుకే సభను నడిపించువానికి నేటికిని ఛైర్మన్, అనగా కుర్చీ మనిషి, అను పేరు నిలిచినది. తరువాతి శతాబ్దములో ఫ్రాన్సు రాజసభలో రాణి యెదుట చేతులు లేని చిన్న పీట మీద కూర్చుండుట కూడ డచెస్సు వంటి గొప్ప స్త్రీలకు మాత్రమే దక్కిన హక్కు. ఒక పీట కొరకు కుటుంబములు పోరాడినవంటే నమ్మండి.

వెండి పాత్రలను పేర్చి చూపు బల్లలకు కూడ ఇదే నియమము. బర్గండీ రాజసభ మర్యాదలను ఎలియనోరు అను గొప్ప ఇంటి స్త్రీ 15వ శతాబ్దపు చివరి భాగములో వ్రాసిపెట్టినది. ఎవరి బల్లకు ఎన్ని అరలు ఉండవలెనో వారి పదవి నిర్ణయించును. పదవి హెచ్చినకొలది అరలు హెచ్చును. తక్కువ పదవిగలది ఒక అర ఎక్కువ పెట్టుకొంటే అది తప్పిదము. ఇంటిలోనికి వచ్చినవాడు అరలు లెక్కించి ఎంత వంగి నమస్కరించవలెనో తెలిసికొనేవాడు.

యాకోబు భక్తుడు తన పత్రిక రెండవ అధ్యాయములో చెప్పినది సరిగా ఇదే. బంగారు ఉంగరము పెట్టుకొన్నవాడు సమాజ మందిరములోనికి వస్తే మంచి చోట కూర్చుండబెట్టుదురు. మాసిన బట్టలవాడు వస్తే అక్కడ నిలువుమందురు, లేదా పాదపీఠము దగ్గర కూర్చుండుమందురు. దీనిని యాకోబు మర్యాదలో లోపమని సరిపెట్టలేదు. పక్షపాతము పాపమని తీర్పు చెప్పాడు. ఎందుకనగా కూర్చుండబెట్టిన చోటుతోనే ఆ మనుష్యుల విలువ నిర్ణయింపబడినది. దేవుడు ఏర్పరచుకొన్న బీదవారిని వారు అవమానపరచిరి.

మన సంఘముల చరిత్ర తెలిసినవారికి ఈ వాక్యము గుండెను తాకును. మన పెద్దలలో అనేకులు పల్లెలలో భూస్వామి యెదుట మంచముపై కూర్చుండుటకు వీలులేక బ్రతికినవారు. తమ గుమ్మములో తాము వాల్చుకొన్న నులకమంచము మీదనుండి కూడ, పెద్ద కులస్థుడు దారిన పోవుచుంటే లేచి నిలువవలసినవారు. అలాగునున్నవారికి సువార్త వచ్చినప్పుడు మందిరము వచ్చినది, బడి వచ్చినది. బడిలో బల్ల వచ్చినది. ఆ బల్లపై కూర్చుండి అక్షరములు దిద్దినవారి బిడ్డలు మాష్టర్లు, నర్సులు, రైల్వే ఉద్యోగులు అయినారు. కూర్చుండనిచ్చుట ఎంత గొప్ప సువార్తయో మనకు తెలిసినంతగా యూరపు ప్రభువులకు తెలియదు.

అట్టి మన సంఘములలో నేడు పండుగ ఆరాధన జరుగుచుండగా ముందు వరుసలో సోఫాలు ఎవరి కొరకు వేయుచున్నాము? అధికారికి, కాంట్రాక్టరుకు, కానుక పెద్దగా వేసినవారికి. ఆ వెనుక ప్లాస్టిక్ కుర్చీలు. కుర్చీలు నిండిన తరువాత ఉదయమే మందిరము ఊడ్చిన అమ్మ వచ్చి చాప అంచున కూర్చుంటుంది. ఆమెకు మోకాళ్ల నొప్పి అని అందరికి తెలుసు. ఎవరును లేవరు. లేవనివ్వనివారి మధ్యనుండి బయటకు వచ్చిన మనము, మన వారి కొరకు లేవలేకపోతే ఎట్లు?

మూడవది: మంచమును, బల్లయును

సుఖముగా పండుకొనుట పాపము కాదు. ఇంగ్లాండులో విలియం హారిసన్ అను పాదిరిగారు 1577లో అచ్చయిన తన పుస్తకములో తమ ఊరి ముసలివారి మాటలు వ్రాశాడు. వారి చిన్నతనములో గడ్డి పరుపుపై, తల క్రింద కొయ్యమొద్దు పెట్టుకొని నిద్రించేవారట. దిండు అనునది ప్రసవించిన స్త్రీలకే తగునని అనుకొనేవారట. కష్టపడినవాడు మెత్తని దిండుపై తలవాల్చుకొంటే దేవుడు కోపించడు.

అయితే నిద్రకు ఎంత మంచము చాలును? ఇంగ్లాండులోని వేర్ అను ఊరిలో 1590 ప్రాంతమున ఒక సత్రపు యజమాని పందిరి మంచము ఒకటి పెట్టించాడు. దాని వెడల్పు మూడు మీటర్లకు పైనే. అడుగడుగున చెక్కడము. బాటసారులను ఆకర్షించుటకు చేసిన ఆ మంచము ఎంత ప్రసిద్ధికెక్కెననగా షేక్స్‌పియరు తన నాటకములో దానిని పేర్కొన్నాడు. ఇప్పుడది లండను విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియములో ఉన్నది. దానిని చూచుటకు జనులు వెళ్తారు, నిద్రించుటకు ఎవరును వెళ్లరు. ఓగు మంచమును అట్లే. కొలతలు మిగిలినవి, పండుకొన్న రాజు మిగులలేదు.

బల్ల సంగతి చూడండి. రోమా పట్టణములో అలెస్సాండ్రో ఫర్నేసె అను కార్డినలు తన భవనము కొరకు 16వ శతాబ్దపు రెండవ భాగములో ఒక బల్ల చేయించాడు. ఇప్పుడది న్యూయార్కు మెట్రొపాలిటన్ మ్యూజియములో ఉన్నది. పొడవు పన్నెండు అడుగులకు మించినది. పాలరాతిలో రంగురంగుల రాళ్లు పొదిగారు. క్రింది రాతి కాళ్లపై కార్డినలు చిహ్నములు, పైన ఆ వంశపు గుర్తయిన లిల్లీ పూలు ఉన్నాయి. ఆయన సంఘ నాయకుడని మరువకండి. పొలములోని పువ్వులను చూపి, సొలొమోను వైభవము కూడ వాటికి సాటిరాదని ప్రభువు చెప్పాడు గదా! చింత మానుటకు ప్రభువు చూపిన పువ్వు వంశ గౌరవమునకు గుర్తుగా రాతిలోనికి ఎక్కినది. ప్రభువు తన శిష్యులతో కూర్చున్న బల్ల ఎట్టిదో సువార్తలు వర్ణించలేదు. ఆ గది కూడ ఇంకొకరిదే. అక్కడ జ్ఞాపకమున్నది బల్ల చెక్కడము కాదు. ఆ బల్ల దగ్గరనుండి ఆయన లేచి, తువాలు కట్టుకొని, పాదములు కడిగిన సంగతి.

ఇది పోపుల కాలపు దోషమని మనము చేతులు దులుపుకొనరాదు. జర్మనీ దేశములోని ఔగ్స్‌బర్గు పట్టణపు లూథరు మతస్థులైన పెద్దలు 1632లో స్వీడను రాజైన గుస్తావు అడాల్ఫుకు నల్లచేవ కొయ్యతో చేసిన అద్భుతమైన బీరువాను కానుకగా ఇచ్చారు. వందలకొలది వింత వస్తువులు అందులో అమర్చారు. అదే సంవత్సరము నవంబరులో లుట్‌సెన్ యుద్ధములో ఆ రాజు చనిపోయాడు. బీరువా స్వీడను చేరినది, రాజు దానిని అనుభవించలేదు. బైబిలు చేతబట్టిన వారికి కూడ ఈ మోహము కలదు.

నాల్గవది: చిత్రపు అరలు

ఉర్బినో పట్టణ ప్రభువైన ఫెదెరికో దా మోంటెఫెల్ట్రో తన గుబ్బియో భవనములో చిన్న చదువుగది ఒకటి చేయించాడు. 1478 మొదలు 1482 వరకు పని సాగినది. ఇదియు నేడు న్యూయార్కులోని ఆ మ్యూజియములోనే ఉన్నది. ఆ గదిలో అడుగుపెట్టినవారికి చుట్టు బల్లలు, సగము తెరచిన జాలీ తలుపులు, అరలలో పుస్తకములు, వీణెల వంటి వాద్యములు, కొలత పరికరములు కనబడును. దగ్గరకు వెళ్లి చేయి చాచితే నున్నని గోడ తగులును. అవన్నియు అక్రోటు, రోజ్‌వుడ్ మొదలైన రంగురంగుల కొయ్య ముక్కలు వేలకొలది కోసి, పలకలో పొదిగి సృష్టించిన చిత్రములు. ఆ పుస్తకములను తీయుటకు వీలులేదు. ఆ బల్లపై కూర్చుండుటకు వీలులేదు. పనివాని నేర్పు మాత్రము అమోఘము. ఫెదెరికో నిజముగానే విద్యాప్రియుడు, ఆయన గ్రంథాలయము పేరెన్నికగన్నది. ఆయన 1482లోనే చనిపోయాడు.

ఆ గోడను తలచుకొన్నప్పుడు మన ముందుగదులలోని అద్దాల బీరువా మాకు జ్ఞాపకము వచ్చుచున్నది. అందులో బంగారు అంచుల పెద్ద బైబిలు, పెండ్లి ఫోటో ప్రక్కన, పింగాణీ బొమ్మల నడుమ. తాళము వేసియుండును. తాళపుచెవి ఎక్కడున్నదో అడిగితే ఇంటిలో ఒకరి ముఖము ఒకరు చూచుకొందురు. తీయని బైబిలు చిత్రములోని పుస్తకము వంటిదే. కనబడును గాని చదువబడదు.

ఐదవది: నిప్పు చాలునా?

ఈ ఆడంబరమును చూచి ఒక సన్యాసి కన్నెర్ర చేశాడు. జిరోలామో సవొనరోలా అను ఆయన ఫ్లారెన్సులో ప్రసంగించగా ఊరు కదిలిపోయినది. 1497 ఫిబ్రవరి 7న పట్టణపు నడి మైదానములో అద్దములు, పేకలు, ముసుగులు, వాద్యములు, చిత్రములు గోపురముగా పేర్చి తగులబెట్టారు. మరుసటి సంవత్సరము 1498 మే 23న అదే మైదానములో ఆయననే ఉరితీసి కాల్చివేశారు. లూథరు ఆయనను గౌరవించి, చెరలో ఆయన వ్రాసిన కీర్తనల ధ్యానమును 1523లో అచ్చు వేయించాడు.

విచిత్రమేమనగా, ఆ యుగపు మడత కుర్చీ రకము ఒకటి నేటికిని సవొనరోలా కుర్చీ అను పేర చలామణి అవుచున్నది. వ్యర్థ వైభవములకు వ్యతిరేకముగా ప్రాణము పెట్టిన మనిషి పేరు చివరకు ధనికుల ముందుగది సామానుకు అంటుకొన్నది! నిప్పు వస్తువులను కాల్చినది గాని వాటిని కోరిన హృదయమును కాల్చలేదు. కాబట్టి మీ సోఫాలు విరుగగొట్టుడని మేము చెప్పుట లేదు.

కొయ్యలో దోషము లేదు, పనితనములోను లేదు. గుడారపు పని కొరకు బెసలేలును దేవుడే తన ఆత్మతో నింపెనని, కొయ్యను చెక్కుటయు ఆ వరములలో చేరినదని నిర్గమకాండము చెప్పుచున్నది. మన ప్రభువు నజరేతులో వడ్రంగియని పిలువబడినవాడు. ఉలి, బాడిస, చిత్రిక పట్టిన చేతులు ఆయనవి. మన తెలుగు నేలపై కూడ గొప్ప పనివారుండిరి. 18వ శతాబ్దములో విశాఖపట్నపు పనివారు కొయ్యలో దంతము పొదిగి చేసిన కుర్చీలు, పెట్టెలు దొరల ఇళ్లకు వెళ్లాయి. ఆ సామానుపై కొన్న దొర పేరు నిలిచినది గాని చేసినవాని పేరు చాలవరకు నిలువలేదు. ఇటలీ పెట్టెలపైనను చెక్కబడినది యజమాని చిహ్నమే. మొరెల్లి పెట్టెలు చేసిన ద్జనోబి అను కొయ్యపనివాని పేరు, చిత్రించిన ఇద్దరి పేర్లు పద్దుల వలన మనకు తెలిసినవి. ఏ బల్ల మీద మనము గర్వపడుచున్నామో దానిని చిత్రిక పట్టినవానికి కూలి సరిగా ఇచ్చితిమా అని కూడ ప్రభువు అడుగును.

షూనేములోని గది

ఇప్పుడు మన మొదటి వాక్యభాగమునకు రండి. షూనేములో ఘనురాలైన స్త్రీ ఒకతె ఉండెను. ఆమెకు ధనమున్నది, ఇల్లున్నది, ఊరిలో మాటయున్నది. తన హోదాను చూపించుకొనదలచిన యెడల ఆమెకు అడ్డేమియు లేదు. ఆమె చేసినదేమి? దారిన పోవుచుండే ఎలీషాకు తరచు భోజనము పెట్టి, అతడు అలసియున్నాడని గ్రహించి, పెనిమిటితో మాట్లాడి మేడపైన చిన్న గది కట్టించినది. అందులో నాలుగు వస్తువులు ఉంచినది. పండుకొనుటకు మంచము, తినుటకు వ్రాయుటకు బల్ల, కూర్చుండుటకు పీట, చీకటిలో దీపస్తంభము.

ఆ నాలుగింటిని ఫ్లారెన్సు భవనముల ప్రక్కన పెట్టి చూడండి. మంచము అక్కడను ఉన్నది, ఇక్కడను ఉన్నది. బల్ల, ఆసనము రెండు చోట్ల ఉన్నాయి. అక్కడి సామాను చూచినవానితో, “నేనెవరినో తెలిసికొనుము” అన్నది. ఇక్కడి సామాను వచ్చినవానితో, “అయ్యా, అలసిపోయినావు, కూర్చుండుము” అన్నది. షూనేమీయురాలు వచ్చినవాని అవసరమును లెక్కపెట్టి ఆ లెక్కకు సరిపడ వస్తువులు ఉంచినది. ఆమె గదిలో లేనిది ఏదియు ఎలీషాకు లోటు కాలేదు. అతని కాలమునాటి రాజుల దంతపు గృహములు మట్టిలో కలిసినవి. ఆ మేడగది సంగతి నేటికిని చదువుకొనుచున్నాము. ఆమె కుమారుడు చనిపోయినప్పుడు ఆమె ఆ బిడ్డను ఎక్కడ పండుకొనబెట్టినదో మీకు తెలుసు. ఆ దైవజనుని మంచము మీదనే. పరుని కొరకు వేసిన మంచము మీదనే ఆమె బిడ్డ బ్రతికి లేచాడు.

మన ప్రభువు పుట్టినప్పుడు ఆయనకు ఊయల లేదు, పశువుల తొట్టి దొరకినది. సేవ చేయుచు తిరిగినప్పుడు తల వాల్చుకొనుటకు స్థలము లేదన్నాడు. పడవలో నిద్రించినప్పుడు తలగడ పడవవారిది. చివరకు సమాధియు ఇంకొకరిదే. జీవితమంతయు ఇతరుల పీటపై కూర్చున్న ప్రభువు మన ఇంటికి వస్తే ఏ పీట వేయుదుము?

కాబట్టి ప్రియులారా, మూడు మాటలు మనవి చేసి ముగించెదము.

పెండ్లి మాటలలో సామాను పట్టీ ఎత్తకుందము. సంఘ పెద్దలు పెండ్లి ప్రకటన చేయుటకు ముందే ఇరువైపులవారిని కూర్చుండబెట్టి, “ఏమైన అడిగితిరా?” అని సూటిగా ప్రశ్నింపవలెను. వరుని తండ్రియే మంచమును, బీరువాను తెచ్చి ఇల్లు సిద్ధపరచి కోడలిని ఆహ్వానిస్తే అది ఎంత చక్కని సాక్ష్యము! కొత్త దంపతులు చాప మీద కాపురము మొదలుపెట్టి, జీతము కూడబెట్టి ఒక్కొక్కటి కొనుక్కొంటే ఆ సంసారము చిన్నబోదు.

మందిరములో ఆసనములను అవసరము చొప్పున వేయుదము. వృద్ధులకు, గర్భవతులకు, నడువలేనివారికి వీపుగల కుర్చీలు ముందు వేయండి. మిగిలిన చోట ఎవరు ముందు వస్తే వారు. అధికారి వస్తే ఆయనకు సంతోషముతో వందనము చెప్పి, అందరి నడుమ కూర్చుండబెట్టండి. ఆయన నిజమైన పెద్దమనిషియైతే నొచ్చుకొనడు.

ఇంటిలో ఒక పీటను పరుని కొరకు ఉంచుదము. మన పట్టణములకు నేటికిని మన ఊళ్లనుండి పని వెదకుకొంటూ, ఆసుపత్రికి రోగిని తీసికొని, పరీక్ష వ్రాయుటకు తెలుగువారు వచ్చుచున్నారు. భాష రాక, చిరునామా దొరకక స్టేషనులో తిరుగుచున్నారు. మన తాతలు అలా వచ్చినప్పుడు ఎవరో ఒక విశ్వాసి ఇంటి వసారాలో చాప పరచి ఉండకపోతే, మన సంఘములే ఉండేవి కావు. మన సోఫా కొత్తదైనందున దానిపై కప్పిన ప్లాస్టిక్ కవరు తీయక, మాసిన బట్టలవానిని గుమ్మములోనే నిలువబెట్టితే ఆ సోఫా మనది కాదు, మనమే దానివారమైనాము.

ఈ వారము ఇంటిలో కుటుంబ ప్రార్థనకు చేరినప్పుడు ఒక్కసారి చుట్టు చూడండి. మీకున్న మంచము, బల్ల, పీట, దీపము కొరకు దేవునికి స్తోత్రము చెప్పండి. తరువాత వాటిలో ఒకదానిని చూపి, ఇది ఎవరి కొరకు అని మీ పిల్లలను అడగండి. వారిచ్చు జవాబు మన ప్రసంగములకంటె మేలైన ప్రసంగము కావచ్చును.

దేవుడు ఈ మాటలను మన హృదయములలో ఫలింపజేయును గాక. ఆమేన్.